మొక్కలు సరే, బస్సు సంగతేంటి?

ఆయన నలభై నిమిషాలు మాట్లాడాడు. పర్యావరణం గురించి ఒక స్థానిక నాయకుడు చెప్పేది అంతసేపు కూర్చుని వినడం నాకు అదే మొదటిసారి. అబద్ధం ఎందుకు, బాగానే మాట్లాడాడు. మొక్కలు నాటడం, ప్లాస్టిక్ మానెయ్యడం, ఇంటి పైకప్పు మీద సోలార్ పలకలు, ఎలక్ట్రిక్ కార్లు... భూమి వేడెక్కడం గురించి చెప్పిన లెక్కల్లో తప్పులు కూడా దొర్లలేదు. ప్రశ్నలుంటే అడగమన్నప్పుడు వెనక వరసలోంచి ఒక పెద్దావిడ లేచింది. మైకు ఆవిడ దాకా వెళ్లడానికే కాస్త టైము పట్టింది.

"బాబూ, మా వైపు ఆఖరి బస్సు ఎనిమిదింటికే అయిపోతోంది. తొమ్మిదిన్నర దాకా నడిపించగలవా?"

ఆయన నవ్వాడు. "అమ్మా, ఇవాళ మీటింగ్ పర్యావరణం గురించి. పైగా బస్సులు మా పరిధిలోకి రావు."

ఆవిడ కూర్చుంది. మైకు ఇంకొకతని చేతికి వెళ్లింది. రోడ్డు పక్కన ఏ రకం చెట్లయితే తొందరగా పెరుగుతాయని అతను అడిగాడు. దానికి పది నిమిషాలు జవాబు చెప్పారు.

ఆ పది నిమిషాలూ నేను చెట్ల గురించి వినలేదు. ఆవిడకి ఆయన చెప్పింది రెండే ముక్కలు: ఇది పర్యావరణం కాదు, ఇది నా పని కాదు. రెండూ తప్పేనని అక్కడే అనిపించింది. ఎందుకు తప్పో నాకు నేను సరిగ్గా చెప్పుకోడానికి మాత్రం చాలా రోజులు పట్టింది. చెప్పుకుంటూ పోతే నా మొదటి కోపం కొంత తగ్గింది కూడా.

చెట్టుకి శత్రువులు లేరు

మొక్కలు నాటొద్దు అని ఎవరైనా ధర్నా చేయగా చూశారా? నేను చూడలేదు. చెట్లు అక్కర్లేదని కాదు, కావాలి. కానీ ఒక నాయకుడికి పర్యావరణం మీద ఏమాత్రం పట్టింపు ఉందో మొక్కల్ని బట్టి కనిపెట్టలేం. ఎవరూ కాదనని పని చెయ్యడానికి పట్టింపు అక్కర్లేదు, ఒక గునపం, ఒక ఫొటోగ్రాఫర్ ఉంటే చాలు.

ఎలక్ట్రిక్ కారు కూడా ఇంచుమించు అంతే. పొగ రాదు, అది మంచిదే. కానీ నలభై పెట్రోలు కార్లు ఎంత రోడ్డు ఆక్రమిస్తాయో నలభై ఎలక్ట్రిక్ కార్లూ అంతే ఆక్రమిస్తాయి. టైరు అరిగి లేచే ధూళి రెండింటికీ ఉంది. ఆ నలభై కార్లలో ఉన్న యాభై, అరవై మందిని ఒక్క బస్సు మోసుకుపోతుంది. కారు వాడేవాడి జీవితంలో ఏమీ మారనక్కర్లేదు, బండి మారిస్తే చాలు అని చెప్పడం వినడానికి హాయిగా ఉంటుంది. అందుకే ఆ మాటకి ఆ రోజు చప్పట్లు పడ్డాయి.

బస్సు దగ్గరికొచ్చేసరికి ఆ హాయి ఉండదు. రోడ్డు వెడల్పు ఉన్నదే ఉంది. బస్సుకి ఒక వరస ఇస్తే కార్లకి ఒక వరస తగ్గుతుంది. నిలబెట్టిన కారు ఒక్కటి సుమారు రెండున్నర మీటర్ల వెడల్పు, అయిదు మీటర్ల పొడవు తింటుంది. అంటే పన్నెండున్నర చదరపు మీటర్లు, ఒక చిన్న పడకగది. వీధి పొడవునా ఊరికే ఇచ్చేసిన ఇలాంటి గదులు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టండి. వాటిని ఎవరి దగ్గర్నుంచి తీసుకుని ఎవరికిస్తావు అన్నదే అసలు ప్రశ్న. నా దృష్టిలో ఒక స్థానిక నాయకుడి పర్యావరణ విధానం ఆ జవాబులో ఉంటుంది. మిగతాదంతా ప్రసంగం.

ఎవరి పరిధి?

ఇక రెండో ముక్క. బస్సులు నడిపేది వేరే సంస్థ కావచ్చు, ఆయన అబద్ధం చెప్పి ఉండడు. ఆఖరి బస్సు వేళ మార్చే అధికారం ఆయన చేతిలో లేకపోవచ్చు. కానీ అడగగలడు కదా! ఉత్తరం రాయగలడు. అంతకంటే ముఖ్యంగా, బస్సు సరిగ్గా నడవకపోవడానికి కారణాల్లో సగం బస్సులో ఉండవు, రోడ్డు మీద ఉంటాయి.

స్టాపులో నిలబడి ఇరవై అయిదు నిమిషాలు ఎదురుచూస్తే ఒకే నంబరు బస్సులు మూడు ఒకదాని వెనక ఒకటి రావడం అందరికీ అనుభవమే. డ్రైవర్లు మాట్లాడుకుని వచ్చారని చిన్నప్పుడు అనుకునేవాణ్ణి. జరిగేది వేరు. ఒక బస్సు ఎక్కడో ట్రాఫిక్‌లో నాలుగు నిమిషాలు ఇరుక్కుంటుంది. ఆ నాలుగు నిమిషాల్లో తర్వాతి స్టాపులో జనం పెరుగుతారు. వాళ్లందరూ ఎక్కేసరికి ఇంకొంచెం ఆలస్యం. దాంతో ఆ పై స్టాపులో ఇంకా ఎక్కువ జనం. వెనకొచ్చే బస్సుకేమో ఎక్కేవాళ్లే ఉండరు, అది గబగబా వచ్చి ముందుదాన్ని అందుకుంటుంది. కాగితం మీద పది నిమిషాలకో బస్సు ఉన్నట్టే, మనిషికి మాత్రం అరగంటకోటి. దీనికి మందు కొత్త బస్సులు కొనడం ఒక్కటే కాదు. ఆ మొదటి నాలుగు నిమిషాల ఇరుకు తియ్యాలి. అడ్డంగా నిలబెట్టిన కార్లు తియ్యడం, బస్సుకి వేరే వరస గీయడం, సిగ్నల్ దగ్గర బస్సుకి ముందు దారి ఇవ్వడం, స్టాపు దాకా నడవడానికి ఫుట్‌పాత్ ఉంచడం. చాలా నగరాల్లో ఇందులో ఎక్కువ భాగం స్థానిక పాలన చేతిలోనే ఉంటుంది.

పరిధి అన్న మాటకి నాకు దక్షిణ కొరియా రాజధాని సియోల్ గుర్తొస్తుంది. 2004 దాకా అక్కడ బస్సుల్ని ప్రైవేటు కంపెనీలు తమ ఇష్టం వచ్చినట్టు నడుపుకునేవి. లాభమొచ్చే దారుల్లో పోటీలు పడి పరుగులు, లాభం లేని చోట బస్సే ఉండదు. మేయర్ లీ మ్యుంగ్ బాక్ ఆ బస్సుల్ని కొనెయ్యలేదు. ఏ దారిలో ఎన్ని తిరగాలో, టికెట్ ఎంతో నగరమే నిర్ణయిస్తుందన్నాడు. ఎంతమంది ఎక్కారని కాకుండా ఎన్ని కిలోమీటర్లు తిరిగిందో చూసి కంపెనీకి డబ్బిచ్చే పద్ధతి తెచ్చాడు. రోడ్డు మధ్యలో బస్సు వరసలు వేయించాడు. బస్సులకి నీలం, ఆకుపచ్చ, ఎరుపు, పసుపు రంగులు వేయించి, రంగు చూస్తే ఎటు పోయే బస్సో తెలిసేలా చేశాడు. 2004 జూలై 1న మొదలుపెట్టిన రోజు పెద్ద రభస. కార్డు మిషన్లు మొరాయించాయి, ఏ బస్సు ఎక్కాలో జనానికి తెలియలేదు. మేయర్ బహిరంగంగా క్షమాపణ చెప్పుకోవాల్సి వచ్చింది. అయినా వెనక్కి తీసుకోలేదు, కొన్నాళ్లకి కుదురుకుంది.

బస్సులు నా పరిధి కాదు అనడానికి ఆయనకీ వీలుండేది.

అంతకుముందు ఏడాదే, 2003లో, నగరం మధ్యలో చొంగ్గెచొన్ అనే వాగు మీద కట్టిన ఎత్తయిన రోడ్డుని ఆయన కూలగొట్టించడం మొదలుపెట్టాడు. 2005లో అక్కడ మళ్లీ నీళ్లు పారాయి. రోడ్డు తీసేస్తే ట్రాఫిక్ స్తంభించి నగరం ఆగిపోతుందన్నారు. ఆగలేదు. కార్లలో కొన్ని వేరే దారులు వెతుక్కున్నాయి, కొందరు బస్సు, మెట్రో ఎక్కారు. ఈ రెండు పనుల్నీ కలిపి చూడాలి. బస్సుల సంగతి చూడకుండా రోడ్డు మాత్రం తీసేసి ఉంటే ఆయన్ని జనం క్షమించేవాళ్లు కాదు.

కానీ వీళ్లెవరూ దేవుళ్లు కారు

ఇక్కడితో ఆపేస్తే వ్యాసం బాగుండేది. ఆపలేను, ఎందుకంటే ఇదే లీ మ్యుంగ్ బాక్ తర్వాత దేశాధ్యక్షుడై నాలుగు పెద్ద నదుల మీద వరసగా ఆనకట్టలు కట్టించాడు. పర్యావరణవేత్తలు ఆ పథకాన్ని దుమ్మెత్తిపోశారు. చివరికి అవినీతి కేసులో జైలుకీ వెళ్లాడు. అసలు రాజకీయాల్లోకి రాకముందు ఆయన పెద్ద నిర్మాణ కంపెనీకి అధిపతి. ఆ అందమైన వాగులోనూ ఇప్పుడు పారేవి చాలావరకు హాన్ నది నుంచి పంపులు పెట్టి తోడే నీళ్లే. అంటే ఆయనకి పర్యావరణం మీద ప్రేమ ఉన్నట్టా, లేనట్టా? దాన్ని పట్టించుకోకపోవడమే మంచిదని నాకిప్పుడు అనిపిస్తోంది. ప్రేమ సంగతి ఆయన అంతరాత్మకి తెలుసు, బస్సు వరస సంగతి రోడ్డుకి తెలుసు.

కొలంబియా రాజధాని బొగోటాకి మేయర్‌గా చేసిన ఎన్రికె పెన్యలోసా కథా ఇలాంటిదే. 1998లో పదవిలోకి వచ్చి ఫుట్‌పాత్‌ల మీద కార్లు నిలపకుండా దిమ్మెలు పాతించాడు. దుకాణాలవాళ్లు ఆయన్ని పదవి నుంచి దించెయ్యాలని గొడవ చేశారు. 2000 డిసెంబర్‌లో ట్రాన్స్‌మిలేనియో మొదలుపెట్టాడు. రోడ్డు మధ్యలో బస్సులకి మాత్రమే దారి, రైలు స్టేషన్లలాంటి స్టాపులు, బస్సు రాకముందే టికెట్. ప్రపంచమంతా వచ్చి చూసి వెళ్లింది. అదే మనిషి 2016లో మళ్లీ మేయరై నగరానికి ఉత్తరాన ఉన్న వాన్ డెర్ హామెన్ అభయారణ్యం భూముల్లో ఇళ్లు కట్టాలన్నాడు. 2018లో కొత్త బస్సులు కొనే వేళ ఎలక్ట్రిక్ వదిలేసి డీజిల్, గ్యాస్ బస్సులకే మొగ్గాడు. ఆయన సృష్టించిన బస్సులేమో అప్పటికే ఊపిరాడనంత కిక్కిరిసిపోయి, 2012లో జనం స్టేషన్ల మీద రాళ్లు రువ్వే దాకా వచ్చింది. ఒకసారి బస్సు వరస వేసి చేతులు దులుపుకుంటే సరిపోదని అక్కడే తెలిసింది. ఏటేటా బస్సులు పెరగాలి.

ఇంతకంటే ఇబ్బంది పెట్టేది కురిటీబా. ప్రజా రవాణా గురించి ఎవరు మాట్లాడినా బ్రెజిల్‌లోని ఆ ఊరి పేరు రాకుండా పోదు. 1972లో మేయర్ జైమె లెర్నర్ అక్కడి ప్రధాన వీధిని కార్లకి మూసేశాడు. కోర్టులు శుక్రవారం మూతపడ్డాక పని మొదలుపెట్టి సోమవారానికల్లా ముగించారు. అడ్డుకోవాలనుకున్న వ్యాపారులకి టైమే దొరకలేదు. కార్లవాళ్లు గుంపుగా వీధిలోకి తోలుకొస్తామని బెదిరిస్తే, ఆయన వీధి పొడవునా పెద్ద పెద్ద కాగితాలు పరిపించి పిల్లల్ని కూర్చోబెట్టి బొమ్మలు వేయించాడట. పిల్లల మీదికి కారు ఎవడు తోలుతాడు? చెప్పుకోడానికి ఎంత బాగుందో! 1974లో బస్సులకి ప్రత్యేక దారులూ వచ్చాయి. కానీ ఆ మేయర్‌ని జనం ఎన్నుకోలేదు. సైనిక ప్రభుత్వం నియమించింది. రాత్రికి రాత్రి వీధి మూసెయ్యడం నాకు నచ్చిందంటే, నచ్చని పని రాత్రికి రాత్రి చేసినా నేను నోరు మూసుకోవాల్సిందేనా? దీనికి నా దగ్గర శుభ్రమైన జవాబు లేదు. ఒకటి మాత్రం చెప్పగలను: 1988లో, ఎన్నికలు తిరిగొచ్చాక, అదే లెర్నర్ ఓట్లు అడిగి గెలిచాడు. చూశాక జనం ఒప్పుకున్నారు.

చూడకముందు, చూశాక

ఆ రోజు మీటింగ్ అయ్యాక నేను వెళ్లి ఆయన్ని పలకరించాను. బస్సు గురించి ఆవిడ అడిగింది న్యాయమే కదండీ, కనీసం రోడ్డు పక్కన పార్కింగ్ అయినా తగ్గించొచ్చు కదా అన్నాను.

"మీరు దేంట్లో వచ్చారు?" అన్నాడు.

"కార్లో."

"ఎక్కడ పెట్టారు?"

"బయటే, రోడ్డు పక్కన."

"రేపట్నుంచి దానికి డబ్బు కట్టమంటే నాకు ఓటేస్తారా?"

వేస్తానండీ అన్నాను, కానీ ఠక్కున అనలేకపోయాను. ఆయన నా భుజం తట్టి వెళ్లిపోయాడు. నలభై నిమిషాల ప్రసంగంలో కంటే ఆ చివరి ప్రశ్నలో ఆయన నిజాయితీగా కనిపించాడు. మొదట నాకొచ్చిన కోపం తగ్గడం మొదలైంది అక్కడే. ఆయనకి బస్సు సంగతి తెలియక కాదు, నా సంగతి తెలిసి ఊరుకుంటున్నాడు.

ఆయన భయానికి ఆధారాలున్నాయి. స్వీడన్ రాజధాని స్టాక్‌హోమ్‌లో మేయర్ అన్నికా బిల్‌స్ట్రోమ్ 2002 ఎన్నికల ముందు, నగరంలోకి వచ్చే కార్ల మీద రుసుము వెయ్యనని మాటిచ్చింది. గెలిచాక పొత్తుల ఒత్తిడికి లొంగి ఆ మాట తప్పింది. 2006 జనవరి నుంచి జూలై దాకా ప్రయోగంగా రుసుము వసూలు చేశారు. దానికి నాలుగు నెలల ముందే కొత్త బస్సులు రోడ్డెక్కాయి, ముందు బస్సు, తర్వాతే రుసుము. మొదలయ్యే ముందు నగరంలో ఎక్కువమంది వద్దన్నారు. మొదలయ్యాక లోపలికొచ్చే కార్లు సుమారు 20 శాతం తగ్గాయి. ప్రయోగం అయిపోగానే కార్లు తిరిగొచ్చాయి. ఆ తేడా కళ్లతో చూసిన జనం సెప్టెంబర్ ప్రజాభిప్రాయ సేకరణలో స్వల్ప మెజారిటీతో రుసుమే కావాలన్నారు. అదే రోజు ఎన్నికల్లో బిల్‌స్ట్రోమ్ పక్షాన్ని ఓడించారు. ఓడించి వచ్చిన ప్రత్యర్థులే 2007 ఆగస్టులో రుసుముని శాశ్వతం చేశారు. ఆ డబ్బులో పెద్ద భాగాన్ని కొత్త రోడ్లకి మళ్లించారు, అది వేరే బాధ.

స్కాట్లండ్‌లోని ఎడిన్‌బరోలో దీనికి తిరగేసి చేశారు. 2005లో ఏ ప్రయోగమూ లేకుండా, ముందే జనాన్ని అడిగారు. నలుగురిలో ముగ్గురు వద్దన్నారు. అక్కడితో ఆ ఊళ్లో ఆ మాట ముగిసిపోయింది. పోగొట్టుకునేది ఏంటో ముందే కనిపిస్తుంది, వచ్చేది వచ్చాకే కనిపిస్తుంది. ఓటరు మూర్ఖుడని అననుగానీ, చూడనిదాన్ని నమ్మమనడం ఎవరికైనా కష్టమే.

అందరూ ఓడిపోతారనీ లేదు. లండన్‌లో కెన్ లివింగ్‌స్టన్ 2000 మేయర్ ఎన్నికల్లో రుసుము వేస్తానని చెప్పి మరీ గెలిచాడు. 2003 ఫిబ్రవరి 17న రోజుకి 5 పౌండ్లతో మొదలుపెట్టాడు. స్కూళ్లకి సెలవులున్న వారం ఎంచుకోవడం ఆయన తెలివి, ఎలాగూ కార్లు తక్కువుంటాయి. బస్సులు ముందే పెంచాడు, 2004లో మళ్లీ గెలిచాడు. ఇరవై ఏళ్ల తర్వాత మేయర్ సాదిక్ ఖాన్ పొగ ఎక్కువొదిలే పాత వాహనాలకి రోజుకి 12.50 పౌండ్ల రుసుముని 2023 ఆగస్టులో లండన్ మొత్తానికి విస్తరించాడు. దానికి నెల ముందు లండన్ అంచునున్న అక్స్‌బ్రిడ్జ్ పార్లమెంటు ఉప ఎన్నికలో ఆయన పార్టీ 495 ఓట్లతో ఓడిపోయింది. ఈ రుసుమే కారణమన్నారు. ఆ 495 చూసి ఎంతమంది నాయకులు తమ కాగితాలు మడిచి సొరుగులో పెట్టేసి ఉంటారో! 2024 మేలో ఖాన్ మూడోసారి మేయర్‌గా గెలిచాడు. ఆ సంగతి అంతగా గుర్తుండదు.

అక్స్‌బ్రిడ్జ్ వాళ్లది ఉత్త స్వార్థం అనుకుంటే మనకి సులువు. నగరం అంచున ఉండేవాడికి రైలు, బస్సు రెండూ తక్కువ. పాత కారు ఉండేది ఎక్కువగా డబ్బు లేనివాడికే. వాడికి వేరే దారి చూపించకుండా రుసుము వేస్తే అది వాడి పాలిట జరిమానాయే. బస్సు ముందు రావాలని నేను పట్టుబట్టేది అందుకే. పారిస్‌లో 2024 ఫిబ్రవరిలో బరువైన పెద్ద కార్లకి పార్కింగ్ రుసుము మూడింతలు చెయ్యాలా అని అప్పటి మేయర్ అన్ హిదాల్గో జనాన్ని అడిగింది. సుమారు 54 శాతం సరేనన్నారు, కానీ ఓటేయడానికి వచ్చింది నూటికి ఆరుగురు కూడా లేరు. గెలుపే, కాదనను. మిగతా తొంభై నాలుగు మంది ఏమనుకుంటున్నారో?

టికెట్ తీసేస్తే సరిపోదా అని అడుగుతారు. ఎస్టోనియా రాజధాని టాలిన్ 2013 నుంచి తన వాసులందరికీ ప్రయాణం ఉచితం చేసింది. డబ్బు లేనివాళ్లకి ఎంతో మేలు జరిగింది, అందుకైనా అది మంచి పనే. కానీ కొత్తగా బస్సెక్కినవాళ్లలో చాలామంది అంతకుముందు నడిచి వెళ్లేవాళ్లే. కారు దిగివచ్చినవాళ్లు తక్కువ. కారువాణ్ణి ఆపుతున్నది టికెట్ ధర కాదు, బస్సు వస్తుందో రాదో అన్న టెన్షన్. ఆ పెద్దావిడ కూడా టికెట్ గురించి అడగలేదు. రాని బస్సుకి టికెట్ ఎంతైతేనేం!

ఆవిడ గురించి ఒక సంగతి చెప్పకుండా ఇంత దూరం వచ్చాను. మీటింగ్ అయ్యేసరికి ఎనిమిదింపావు. ప్రశ్న అడిగే ముందు పక్కవాళ్లని రెండుసార్లు టైమెంతని అడిగిందావిడ, నాకు వినబడింది. బయట గేటు దగ్గర నిలబడి ఉంటే నేనే దింపుతానన్నాను. దారిలో బస్సు మాటే ఎత్తలేదు, నా పిల్లలేం చదువుతున్నారని అడిగింది. వాళ్ల వీధి రెండు పక్కలా కార్లే. ఆపడానికి చోటు లేక రోడ్డు మధ్యలోనే ఆపాను. ఆవిడ మోకాళ్లతో మెల్లగా దిగుతుంటే వెనక రెండు బళ్లు హారన్ మొదలెట్టాయి. దిగి చెయ్యిచ్చి ఇంటి దాకా నడిపిద్దామని తలుపు తియ్యబోయాను.

"నువ్వెళ్లు బాబూ, వెనకవాళ్లు తిడుతున్నారు" అంది.